నాలుగో గదిలో మాట్లాడని సిస్టరు

నేను చేసిన తప్పుల్లో చాలావాటిని తలుచుకుంటే వెంటనే తల దించుకోవాలనిపిస్తుంది. ఈ ఒక్కదాన్ని తలుచుకుంటే మాత్రం ముందు నవ్వొస్తుంది, తల దిగేది ఆ తర్వాత. ఆ వరస మార్చడం నాకు చేతకాదు కాబట్టి నవ్వుతోనే మొదలుపెడతాను.

నరసరావుపేటలో నాకు ఇరవై మంచాల ఆసుపత్రి ఉంది. విరిగిన ఎముకలు, కుళ్లిన పుండ్లు, కోతలు, కట్లు నా పని. మూడేళ్ల కిందట మా దగ్గర ఒక నర్సు చేరింది. మిజోరం అమ్మాయి. గుంటూరులో నర్సింగు చదువుతూ తెలుగు నేర్చుకుని, మా ఊరొచ్చాక దానికి పల్నాటి కారం కూడా పట్టించింది. "ఏంది తాతా, ఇంత ఎండలో దుప్పటి ముసుగేంది, పెళ్లికూతురివా" అని ఆమె అంటే వార్డు వార్డంతా నవ్వేది. చక్కెర జబ్బుతో పుండుపడిన కాళ్లకు కట్టు కట్టడంలో ఆమెకు సాటి మా ఆసుపత్రిలో ఎవరూ లేరు, నాతో సహా.

మొన్న వేసవిలో రొంపిచెర్ల వైపు ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చి చేరాడు. ఒకప్పుడు ఊరికి ప్రెసిడెంటుగా చేసినవాడు, మా నాన్నకు స్నేహితుడు. నేను ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్యను పిన్నీ అనీ పిలుస్తాను. ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఎవరికి కాలు విరిగినా ఆయన ఒక్క మాట చెబితే చాలు, నా దగ్గరికే తీసుకొస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. నాకు అంతకన్నా బాగా తెలుసు. నేను చేసిన ప్రతి వెధవపనికీ వేరు అక్కడే ఉంది.

చక్కెర జబ్బుతో కుళ్లిన ఆయన ఎడమ పాదంలో ఒక వేలు తీసేసి కుట్లు వేశాం. మిగతా పాదం నిలవాలంటే రోజూ పుండు కడిగి, చచ్చిన కండ తీసి, జాగ్రత్తగా కట్టు మార్చాలి. మొదటిరోజు ఆ అమ్మాయి ట్రే పట్టుకుని నాలుగో గదిలోకి వెళ్లింది. అరనిమిషంలో నాకు కేక వినపడింది. వెళ్లేసరికి బాబాయ్ కాలు దుప్పటి కిందకి లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరబ్బాయ్ ఈ పిల్ల? చైనా పిల్లా?"

"కాదు బాబాయ్, మిజోరం. మన దేశమే."

"ఏ దేశమైతే ఏంది, మొహం చూడు. వీళ్లు కుక్కల్ని తింటారంట. ఆ చేత్తో నా కాలు ముట్టుకునేది లేదు. మన పిల్లల్లో ఎవరినన్నా పంపు."

ఆ అమ్మాయి ట్రే పట్టుకునే నిలబడి ఉంది. ఆయన మొహం చూడటం లేదు. నా మొహం చూస్తోంది.

"సరే బాబాయ్, మీరు కంగారుపడకండి" అన్నాను నేను.

అదీ నా జవాబు. వరండాలోకి వచ్చాక ఆమెతో, "నాలుగు రోజులు ఓపీ చూసుకో అమ్మా. నీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది" అన్నాను.

"విశ్రాంతి కావాలని నేనడిగానా సార్?"

నేను వినపడనట్టు ఎక్స్‌రే గది వైపు నడిచాను. ఆ గదిలో నాకు ఏ పనీ లేదు. లోపలికి పోయి, ఎవరిదో మోకాలి ఫిల్ము వెలుతురుకు పట్టుకుని రెండు నిమిషాలు చూసి వచ్చాను. ఆ మోకాలికి ఏ జబ్బూ లేదు.

మా పెద్ద సిస్టరు ఇదంతా చూసింది. ఆమెది మాచర్ల దగ్గర పల్లె. ఆసుపత్రి తెరిచిన రోజు నుంచీ నాతోనే ఉంది. మా వైపు రోగులకు ఒక అలవాటుంది. సూదికి చెయ్యి చాపే ముందు "ఏ ఊరమ్మా మీది, ఎవరి పిల్లవి" అని అడుగుతారు. అడిగేది ఊరు గురించి కాదని అందరికీ తెలుసు. జవాబు నచ్చకపోతే చాపిన చెయ్యి వెనక్కి పోతుంది. పెద్ద సిస్టరు కొత్తగా చేరినప్పుడు కొందరి చేతులు అలా వెనక్కిపోయాయి. నేను ఆమెను పక్క వార్డుకు మార్చాను. ఒకసారి కాదు. దానికి అడ్జస్ట్‌మెంట్ అని పేరు పెట్టుకున్నాను. ఆ రోజు ఆమె కాటన్ చుట్టలు సర్దుతూ, తలెత్తకుండా, "ఆ మాట నాకు పాతదే సార్. అప్పుడు విశ్రాంతి అనలేదు, ఈ ఒక్కరోజుకి సర్దుకో అన్నారు" అంది.

దానికి కూడా నేను ఎక్స్‌రే గదికే పోయాను.

ఇద్దరు కొత్త నర్సుల్ని నాలుగో గదికి పంపాను. ఒకామె కట్టు ఎంత బిగించిందంటే బాబాయ్ కేకకు కింద మందుల షాపులోవాళ్లు పైకి వచ్చారు. రెండో ఆమె ఎంత మెత్తగా కట్టిందంటే, ఆయన బాత్రూముకి వెళ్తే కట్టు మంచం దగ్గరే ఆగిపోయింది. నేనే కూర్చుని చేద్దామంటే ఆపరేషన్లు. మూడోరోజు గది తలుపు తీయగానే వాసన వచ్చింది. పుండు అంచు నల్లబడుతోంది.

ఆ పొద్దున టీ తాగుతుండగా నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. ఆ మెరుపుకు నేనే మురిసిపోయి టీ ఒలకబోసుకున్నాను. టోపీ, మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల గౌను, గ్లవ్స్. మనిషికి కళ్లు తప్ప ఏమీ కనిపించవు, అద్దాల వెనక ఆ కళ్లు కూడా సరిగ్గా కనపడవు. నోరు విప్పకపోతే చాలు. ఆమెను పిలిచి, పెద్ద శస్త్రచికిత్స కనిపెట్టినవాడిలా వివరించాను.

ఆమె మొత్తం విని, "కాలు ఎట్లుంది సార్?" అని మాత్రం అడిగింది.

చెప్పాను.

"అయితే చేస్తా. ఆ పాదం పోతే నాకు అన్నం సయించదు. కానీ ఆయన ఇంటికెళ్లే రోజు మీరు చెప్పాలి. నేను కాదు, మీరే. నన్ను ఎందుకు దాచారో, ఆయన అన్నమాట ఎందుకు తప్పో ఆయనకే చెప్పాలి." జేబులోంచి మడిచిన కాగితం తీసి నాకు చూపించి మళ్లీ జేబులో పెట్టుకుంది. రాజీనామా. తేదీ ఒక్కటి వేయలేదు. "గుంటూరు ఆసుపత్రిలో పిలుస్తున్నారు. మీరు చెప్పకపోతే తేదీ వేస్తా."

"అంతేగా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక ఆ తొమ్మిది రోజుల సంబరం చెప్పాలి. ఒక్క మనిషే ముసుగులో వెళ్తే అనుమానం వస్తుందని, నాలుగో గదిలోకి ఎవరు వెళ్లినా అదే వేషం వేయాలని హుకుం జారీ చేశాను. నేను వేశాను, పెద్ద సిస్టరు వేసింది, ఊడ్చే ఆమె వేసింది, క్యారేజీ తెచ్చే పిన్నికి కూడా వేయించాను. ఆ ఎండల్లో గౌనులోపల చెమట కాలవలు కట్టేది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ అని తలుపుకు బోర్డు కూడా పెట్టించాను. నా తెలివికి నేనే పొంగిపోతూ, రౌండ్సుకు పోయేటప్పుడు మెట్లమీద ఈల వేసేవాణ్ణి.

ఆ బోర్డు చేసిన పని మాత్రం నేను ఊహించలేదు. బాబాయ్ అంతటివాడు ఆసుపత్రిలో పడితే ఊరంతా చూడ్డానికి వస్తుంది. ఆటోలు నింపుకుని, బత్తాయిలు, రొట్టెలు పట్టుకుని వచ్చారు. ఆ వేషాలు చూసి తలుపు దగ్గరే ఆగిపోయారు. డాక్టరే మొహం కప్పుకున్నాడంటే లోపల ఎంత రోగం ఉందోనని గుసగుసలు. బత్తాయిల సంచులు గడప ఇవతల పెట్టి, "బావా, బాగున్నావా, జాగ్రత్త" అని అక్కడినుంచే కేకేసి వెళ్లిపోయారు. మూడో గదిలో తుంటి విరిగిన ముసలామె, కదలకూడని ముసలామె, పక్క గదిలో మాయరోగం ఉందని మంచంతో సహా వరండాలోకి మార్పించుకుంది. ఆయన సొంత తమ్ముడు తలుపు బయట కుర్చీ వేసుకుని, లోపల ఉన్న అన్నతో ఫోన్లో మాట్లాడాడు. ఒకరి మాటలు ఒకరికి తలుపులోంచీ ఫోన్లోంచీ రెండుసార్లు వినపడుతుంటే పిన్ని మాస్కులో నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.

బత్తాయిలు పోగయ్యాయి. వార్డంతా బత్తాయి రసం తాగింది.

"ఏందబ్బాయ్, నన్ను ఎవరూ ముట్టుకోరేంది" అన్నాడు బాబాయ్ అయిదోరోజు. గొంతులో ప్రెసిడెంటు లేడు. "మా తమ్ముడు కూడా గడప దాటలా. ఆ మూగపిల్ల ఒక్కతే వచ్చి కాలు ఒళ్లో పెట్టుకుంటది."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను బీపీ చూసి, "బాగుంది బాబాయ్" అని బయటికి వచ్చాను.

ఆయనకు ఆ మాట్లాడని సిస్టరు మీద ప్రాణం పడిపోయింది. ఆమె పుండు కడుగుతుంటే మిరప కల్లాల సంగతి, తామర పురుగు పంటను తినేసిన సంగతి, కోర్టులో నలుగుతున్న గట్టు తగాదా అన్నీ చెప్పేవాడు. ఆమె తలాడించేది. నొప్పి పుడితే ఆమె భుజం పట్టుకునేవాడు. ఒకరోజు నేను లోపల ఉండగానే అడిగాడు.

"ఎవరి పిల్లవమ్మా నువ్వు?"

ఆమె చెయ్యి గుండ్రంగా తిప్పి కింద నేల చూపించింది. ఇక్కడిదాన్నే అన్నట్టు.

"చూశావా అబ్బాయ్. నేను చెప్పలా, మన పిల్లేనని. ఆ చెయ్యి చూస్తే తెలియడంలా?"

నేను బాత్రూములోకి పోయి, కుళాయి తిప్పి, గోడకు తల ఆనించి నవ్వాను. ఆ నవ్వే ఇప్పుడు నాకు ఎక్కువ సిగ్గు. బయటికి వచ్చేసరికి ఆమె ట్రే సర్దుకుంటోంది. అద్దాల లోపల ఆవిరి పట్టి ఉంది. ఆమె నవ్వుతోందో లేదో నాకు తెలియదు. నాకు సరదాగా ఉంది కాబట్టి ఆమెకూ సరదాగానే ఉండి ఉంటుందని అనుకున్నాను. ఒక మనిషి తన మొహం తీసి పక్కన పెట్టి పని చేస్తుంటే నేను దాన్ని ఆటగా లెక్కేశాను.

పుండు ఎర్రగా, శుభ్రంగా తిరిగింది. పదోరోజు ఇంటికి పంపిస్తామన్నాను. రోగం ఏమీ అంటదని నేను హామీ ఇచ్చాక, ఊరివాళ్లు ధైర్యం చేసి గదిలోకి వచ్చారు. పిన్ని చీర, రవిక గుడ్డ, కుంకుమ భరిణె తెచ్చింది. ఊరికే చేతిలో పెట్టడం మా వైపు పద్ధతి కాదు. బొట్టు పెట్టి, అప్పుడు చీర పెట్టాలి. బొట్టు పెట్టాలంటే నుదురు కావాలి. నా తొమ్మిది రోజుల మేధస్సుకు ఆ సంగతి తట్టలేదు.

"ఆ టోపీ కాస్త పైకి జరుపమ్మా" అంది పిన్ని, ఉంగరపు వేలికి కుంకుమ అద్దుకుని.

ఆమె కదల్లేదు. నా వైపు చూసింది. మొదటిరోజు చూసినట్టే.

నోరు తెరిచాను. "ఆ అమ్మాయికి జలుబు పిన్నీ, చీర నాకివ్వండి, నేనిస్తా" అన్నాను.

ఆమె టోపీ తీసింది, అద్దాలు తీసింది, మాస్కు తీసింది. తీసినవాటిని వరసగా ట్రేలో పెట్టింది. ముక్కుమీద మాస్కు తీగ గీత ఎర్రగా ఉంది.

"ఆ రోజు పొమ్మన్న పిల్లే" అన్నారెవరో.

అప్పుడు నాకు మాటలొచ్చాయి, ఆగకుండా వచ్చాయి. ఇలాంటి చెయ్యి గుంటూరులో కూడా లేదన్నాను. ఈమె లేకపోతే పాదం దక్కేది కాదన్నాను. బంగారం అన్నాను. మధ్యలో ఎందుకో నవ్వాను కూడా.

"నన్ను ఎదవను చేశావు అబ్బాయ్" అని బాబాయ్ తమ్ముడి భుజం పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. పిన్ని వేలిమీద కుంకుమ అలాగే ఉంది.

"మేం బొట్టు పెట్టుకోం పిన్నీ, ఏమనుకోబాకండి" అని ఆ అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. పిన్ని కళ్లు తుడుచుకుంటే కుంకుమ ఆమె చెంపకే అంటుకుంది. చీర మంచం మీద మరిచిపోతే ఆ అమ్మాయే కిందిదాకా వెళ్లి కారులో పెట్టి వచ్చింది.

నా గదిలోకి వచ్చి కాగితం బల్లమీద పెట్టింది. పెన్ను అడిగింది.

"చెప్పాను కదమ్మా" అన్నాను.

"జలుబు అని చెప్పారు."

"తర్వాత చెప్పాను కదా, నీ గురించి అంత గొప్పగా."

"నా చెయ్యి గురించి చెప్పారు సార్. నా చెయ్యి బాగుంటుందని నాకు తెలుసు. బాగలేకపోతే? ఆ కొత్త సిస్టర్ లాగా బిగించేస్తే, ఆయన నన్ను పొమ్మన్నది కరెక్టేనా?"

ఎక్స్‌రే గది గుర్తొచ్చింది, కానీ ఆమె తలుపుకు అడ్డంగా కూర్చుని ఉంది.

"గురువారం కుట్లు తీయించుకోవడానికి వస్తాడు" అన్నాను చివరికి. "అప్పటిదాకా తేదీ వేయకు."

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. అవునని అనలేదు.

గురువారం దాకా అద్దం ముందు మాటలు వల్లించాను. ఆడమనిషి ఆడ నర్సు కావాలంటే పంపుతాం. ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఏం వాగినా ముందు ప్రాణం చూస్తాం. బాబాయ్‌ది రెండూ కాదు. మొహం నచ్చలేదన్నాడు, అంతే. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మధ్యలో పెద్ద సిస్టరు దగ్గరికి పోయి, "అప్పట్లో నిన్ను మార్చి ఉండకూడదమ్మా" అన్నాను. ఆమె గ్లవ్స్ లెక్క చూసుకుంటూ, "సరే సార్, ముందు గురువారం సంగతి చూడండి" అంది.

గురువారం మధ్యాహ్నం బాబాయ్, పిన్ని వచ్చారు. వస్తారని నాకు నమ్మకం లేదు. వచ్చి, ఓపీలో బెంచీ మీద కూర్చుని, పాతికమంది వింటుండగా అన్నాడు.

"ఆ పిల్ల కాకుండా ఎవరినన్నా పంపు."

"పంపను బాబాయ్." కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఆ రోజు మీరన్నది తప్పు. అప్పుడే చెప్పకుండా ఆమెకు ముసుగు వేయడం అంతకన్నా పెద్ద తప్పు, అది నాది. ఇక్కడ నర్సును మొహం చూసి మార్చడం ఇక లేదు. కుట్లు ఆ సిస్టరే తీస్తుంది. వద్దంటే ఇంకో ఆసుపత్రికి చీటీ రాసిస్తాను, మీ కేసు కాగితాలన్నీ ఇస్తాను. కోపంతో కాదు."

ఆ నాలుగు ఊళ్లూ నా కళ్లముందు ఆటోలెక్కి ఇంకో డాక్టరు దగ్గరికి పోతున్నాయి. అయినా ఒళ్లంతా తేలికైపోయి, గాలికి ఎగిరిపోతానేమో అనిపించింది. నా వీరత్వానికి నేనే పరవశించిపోతూ, "సిస్టర్" అని పిలిచాను.

ఆమె వరండా చివర నుంచి తల బయటపెట్టింది. చేతిలో స్పూను.

"నాకు లంచ్ టైమ్ సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు అప్పుడు తగిలింది. ఆయన కాలు నువ్వు ముట్టుకుంటావా అని నేను ఆమెను అడగనే లేదు. మొదట అడగకుండా పక్కకి పంపాను, తర్వాత అడగకుండా ముందుకు తోశాను. అంతమంది ముందే, "తప్పయింది సిస్టర్. నీకు ఇష్టమైతేనే. లేకపోతే నేను తీస్తాను" అన్నాను.

"తిని చెప్తా" అని ఆమె లోపలికి పోయింది.

ఇరవై నిమిషాలు. బాబాయ్ లేచి పోతాడని అందరం ఎదురుచూశాం. ఆయన కూడా తన గురించి అదే ఎదురుచూస్తున్నట్టు రెండుసార్లు చేతికర్ర అందుకుని మళ్లీ పక్కన పెట్టాడు.

"కూర్చోవయ్యా" అంది పిన్ని. "ఆ పిల్ల అన్నం తినొద్దా ఏంది."

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, కాలు ఎత్తి స్టూలు మీద పెట్టుకున్నాడు.

ఆమె చేతులు కడుక్కుని వచ్చింది. టోపీ లేదు, మాస్కు లేదు. కింద కూర్చుని కట్టు విప్పింది. ఆయన గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు. రెండు కుట్లు తీశాక మెల్లగా అడిగాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"నరసరావుపేట."

"అది కాదమ్మా, మీ అసలూరు."

"కాలు కదలకుండా పెట్టు తాతా, ముందు. తర్వాత చెప్తా, చానా దూరం."

ఆయన కదలకుండా పెట్టాడు. క్షమించమని అనలేదు, అనేరకం కూడా కాదు. ఆ ఊళ్ల నుంచి రోగులు ఇప్పుడు కొంత తగ్గారు. పోయినవాళ్లను నేను లెక్కపెట్టడం మానేశాను.

ఆ సాయంత్రం ఆమె బయల్దేరుతుంటే అడిగాను, కాగితం చించేశావా అని.

"లేదు సార్, బ్యాగులో ఉంది."

"తేదీ?"

"ఇంకా వేయలా" అంది, చెప్పులేసుకుంటూ.

ఆమెవి నీలం చెప్పులు. వార్డు మెట్ల దగ్గర, అందరి చెప్పుల మధ్య విప్పుతుంది. ఇప్పుడు రోజూ పొద్దున ఆసుపత్రిలోకి అడుగుపెట్టగానే, రోగుల కంటే ముందు నేను ఆ చెప్పులు ఉన్నాయో లేదో చూస్తాను. ఉంటే మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాను. నా వయసుకు అది మంచిది కాదని పెద్ద సిస్టరు అంటుంది.